డాక్టరమ్మ జవాబులు: ‘లేని కాలు నొప్పి పెడుతోంది’

ఇరవై రెండేళ్లు సైనిక ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేశానని పోయిన సంచికలో మాటవరసకి రాశాను. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం యుద్ధ గాయాల గురించే. రాసినవాళ్లలో గాయపడినవాళ్లు తక్కువ. వాళ్ల భార్యలు, అన్నదమ్ములు ఎక్కువ. నాకేమీ ఆశ్చర్యం లేదు. పళ్లు బిగించి “బాగానే ఉంది మేడం” అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకెవరూ విని ఉండరు. అందుకని మోకాళ్లనీ మైగ్రేన్లనీ ఈసారికి పక్కనపెట్టాను. పేర్లు తీసేశాను. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి మనిషిని చూసి రాయాల్సినవి.

ప్రశ్న: మందుపాతర పేలి మా ఆయనకి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఏడు నెలలైంది. గాయం మానింది, కృత్రిమ కాలు పెట్టారు. కానీ రాత్రి పదకొండు దాటితే లేని పాదంలో బొటనవేలిని ఎవరో మెలిపెడుతున్నట్టు ఉందంటారు. లేచి కూర్చుని, కాలు ఉండాల్సిన చోట దుప్పటి తడుముకుంటారు. అదంతా బెంగ అని మా అత్తగారంటున్నారు. ఆయనకి మతి చలిస్తోందేమోనని నాకు భయం. ఆయనకి తెలియకుండా రాస్తున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. ఆయన మతి నిక్షేపంలా ఉంది. కాలో చెయ్యో తీసేసినవాళ్లలో సగం కంటే ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు ఈ నొప్పి పడినవాళ్లే. దీన్ని ఫాంటమ్ నొప్పి అంటాం. కాళ్లు తీసేసిన సైనికులు నెలలు గడిచాక కూడా లేని కాలు నొప్పి పెడుతోందంటున్నారని పదహారో శతాబ్దంలోనే ఫ్రెంచి సైనిక సర్జన్ ఆంబ్రోయిజ్ పారే రాసిపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేసిన వైర్ మిచెల్ 1870ల మొదట్లో దానికి ఈ పేరు పెట్టాడు. దేశాలు వేరు, కాలాలు వేరు, చెప్పే మాట మాత్రం ఒకటే. ఇంతమందికి కూడబలుక్కుని అబద్ధమాడాల్సిన పనేముంది?

కాలు పోయింది గానీ, మెదడులో ఆ కాలికున్న చోటు పోలేదు. తెగిన నరాల చివరలు ఊరికే ఉండవు, వాటంతట అవే కబుర్లు పంపుతుంటాయి. గాయమైన రోజు నుంచి ఆ హోరుకి అలవాటుపడ్డ వెన్నుపాము చిన్న కబురును కూడా పెద్దది చేసి పైకి పంపుతుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా వాళ్ల పేరుమీద ఉత్తరాలు వస్తూనే ఉన్నట్టన్నమాట. పగలైతే నడక, మాటలు, పనులు వాటికి అడ్డుపడతాయి. రాత్రి అడ్డేదీ ఉండదు.

మీరు ఆయన్ని అడగాల్సింది ఒకటుంది. నొప్పి లేని పాదంలోనా, ఉన్న మొండిలోనా? చాలామంది రెండూ కలిపి “కాలు నొప్పి” అనేస్తారు. వైద్యాలు మాత్రం వేరు. మొండి మీద ఒకే చోట వేలితో తడితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోందంటే తెగిన నరం చివర ముడి కట్టి ఉండొచ్చు. దాన్ని న్యూరోమా అంటాం. పేలుడు గాయాల్లో ఇంకొకటి కూడా తరచుగా చూస్తాం: కండలో ఉండకూడని చోట ఎముక పెరుగుతుంది. కృత్రిమ కాలు తొడుక్కున్నప్పుడే నొప్పి వస్తోందంటే అక్కడ గుచ్చుకుంటూ ఉండొచ్చు. ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఒక్కోసారి ఇవేవీ ఉండవు, కాలి తొడుగు కొలత సరిపోకపోవడమే కారణం. మొండి వాపు తగ్గేకొద్దీ తొడుగు వదులైపోతుంది కదా. ఏడు నెలల్లో ఆ కొలత మళ్లీ ఎవరైనా చూశారా?

నొప్పి నిజంగా లేని పాదంలోనే అంటే, ఒక అద్దం తెచ్చుకోండి. పొడుగ్గా, పాదం నుంచి మోకాలి దాకా కనిపించేది. ఆయన కాళ్లు చాపుకుని కూర్చోవాలి. అద్దాన్ని రెండు కాళ్ల మధ్య నిలబెట్టి, దాని ముఖం బాగున్న కాలివైపు ఉంచాలి. మొండి అద్దం వెనకాల దాగిపోతుంది. ఇప్పుడు బాగున్న పాదాన్ని మెల్లగా కదుపుతూ అద్దంలోకి చూస్తే రెండు పాదాలూ కదులుతున్నట్టే ఉంటుంది. కనిపించే ఆ పాదంతో పాటు లేని పాదాన్నీ కదపడానికి ప్రయత్నించాలి. మెలిపడ్డ బొటనవేలిని మెల్లగా విప్పుకోవాలి. రోజుకి పావుగంట చొప్పున నాలుగు వారాలు చేయాలి.

చదువుతుంటే పిల్లల ఆటలా ఉంటుందని నాకు తెలుసు. మొదట విన్నప్పుడు నేనూ నవ్వాను. ఈ అద్దం ఉపాయాన్ని 1990ల్లో విలయనూర్ రామచంద్రన్ అనే నాడీ శాస్త్రవేత్త కనిపెట్టాడు. తర్వాత అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో కాలో పాదమో పోయిన 22 మందిని మూడు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకి మామూలు అద్దం, ఒక జట్టుకి గుడ్డ కప్పిన అద్దం. మూడో జట్టు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి, అంతే. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. నాలుగు వారాలు చేసినవాళ్లలో అద్దం జట్టులో అందరికీ నొప్పి తగ్గింది. మిగతా రెండింటిలో తగ్గినవాళ్లు ఒకరిద్దరే, కొందరికైతే పెరిగింది. అది చిన్న పరీక్ష. నా దగ్గర అద్దంతో ఏ లాభమూ లేనివాళ్లనూ చూశాను. కానీ ఖర్చూ లేదు, కడుపులో మంటా రాదు. మొదటిసారి అద్దంలో రెండో కాలు కనిపించగానే కొందరు ఏడ్చేస్తారు. మా ఆయన అలాంటివాడు కాదు అనుకోకండి. ఆ మొదటి రోజు మీరు పక్కన ఉండండి. రెండు కాళ్లూ పోయినవాళ్లకి, ఎదురుగా ఇంకొకరు కాళ్లు కదుపుతుంటే చూస్తూ చేసే పద్ధతి కూడా ఉంది.

మందుల్లో మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. ఇది నరం నొప్పి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటివి వాడి చూస్తాం. వీటిలో కొన్ని మూర్ఛకి, కొన్ని డిప్రెషన్‌కి వాడే మందులు. మందుల షాపులో ఎవరో “ఇది డిప్రెషన్ బిళ్ల” అన్నారని మర్నాడే మానేసినవాళ్లు నాకు లెక్కలేనంతమంది తెలుసు. తక్కువ మోతాదులో అదే మందు నరాల గోల తగ్గిస్తుంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. మొదట్లో మగత, కళ్లు తిరగడం ఉంటాయి. ఒంటికాలి మనిషికి కళ్లు తిరిగితే పడిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి రాత్రి లేచేటప్పుడు జాగ్రత్త. పనిచేయలేదని ఒక్కసారిగా మానేయకూడదు.

ఇక ఆయనకి తెలియకుండా రాశానన్నారు. ఈ పేజీ ఆయన కంటపడేలా పెట్టండి.

ప్రశ్న: మా తమ్ముడికి పిక్కలో తూటా దిగి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి మూడో రోజు. చేతికి మార్ఫిన్ పంపు పెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా బటన్ నొక్కుకోమన్నారు. మత్తుకి అలవాటు పడతాడని అమ్మ బటన్ దాచేస్తోంది. వాడు నిద్రలో మూలిగితే నేనే నొక్కుతున్నాను. మా ఇద్దరిలో ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరిదీ. మీదే ఎక్కువ. ఇది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టే ఉత్తరం చదవగానే మీకు ఫోన్ చేశాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఆ పంపులో ఒక్కసారి ఎంత మందు వెళ్లాలో, మళ్లీ ఎన్ని నిమిషాల దాకా వెళ్లకూడదో ముందే పెట్టి ఉంచుతారు. వరసగా పదిసార్లు నొక్కినా ఆ గడువు దాటితేగానీ రెండో మోతాదు రాదు. కానీ అసలు కాపలా యంత్రం కాదు, రోగి నిద్ర. మందు ఎక్కువైతే ముందు మగత వస్తుంది. మగతలో ఉన్నవాడు బటన్ నొక్కడు. అక్కడితో మందు ఆగిపోతుంది. పక్కన కూర్చుని ప్రేమకొద్దీ మీరు నొక్కితే ఆ కాపలా పోతుంది. మార్ఫిన్ మితిమీరితే ఊపిరి నెమ్మదిస్తుంది, ఆగిపోవచ్చు కూడా. బటన్ ఆ అబ్బాయిది. అమ్మకీ వద్దు, మీకూ వద్దు.

అమ్మ భయం గురించి. తాజా గాయానికి, ఆసుపత్రిలో, కొన్ని రోజులపాటు ఇచ్చే మార్ఫిన్ వేరు, ఇంటికి వెళ్లాక నెలల తరబడి మింగే బిళ్లలు వేరు. ప్రమాదం రెండో దాంట్లోనే ఎక్కువ. ఇంటికి పంపేటప్పుడు ఏ బిళ్ల ఎన్ని రోజులో, ఎప్పుడు ఎలా తగ్గించాలో రాసివ్వమని అడగండి. తాజా నొప్పిని చూస్తూ ఊరుకున్నా నష్టమే. రాత్రంతా నొప్పితో బిగుసుకుపోయినవాడు గట్టిగా దగ్గలేడు, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. కాలు కదపడు, రక్తం గడ్డకడుతుంది. ఇరాక్ యుద్ధంలో గాయపడిన 696 మంది అమెరికా సైనికుల రికార్డులు తిరగేసి 2010లో ఒక అధ్యయనం అచ్చువేశారు. గాయమైన తొలి గంటల్లో మార్ఫిన్ అందినవాళ్లలో తర్వాత పీటీఎస్‌డీ, అంటే ఆ భయం మనసులో నాటుకుపోయే జబ్బు, తక్కువమందికే కనిపించింది. మార్ఫిన్ వల్లే తగ్గిందని దాన్నిబట్టి తేల్చలేం. అయినా, తొలి రోజు నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం నాకు గట్టిగా అనిపించింది.

మీ తమ్ముడిది పిక్క గాయం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఇది నా తప్పు కథే. ఉద్యోగంలో రెండో ఏడు. ఇలాగే మోకాలి కింద దెబ్బతిన్న కుర్రాడు. రాత్రి తొమ్మిదింటికి ఇచ్చిన మందు పదింటికే చాలలేదన్నాడు. ఇంకొంచెం ఇచ్చాను. పదకొండుకి మళ్లీ పిలిచాడు. మళ్లీ పెంచాను. నొప్పి చంపడమే నా ఉద్యోగం అనుకునే రోజులవి. పన్నెండింటికి వార్డులో పెద్ద నర్సు నా చెయ్యి పట్టుకుని, “డాక్టర్ గారూ, మందు సంగతి తర్వాత. కాలు చూశారా?” అంది. దుప్పటి తీశాను. పిక్క రాయిలా ఉంది. బొటనవేలిని కొంచెం పైకి వంచగానే కేక పెట్టాడు. కండ మీదుండే గట్టి పొర లోపల వాపు పెరిగి, రక్తం ఆడక కండ ఊపిరాడనట్టు అయిపోతోంది. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. గంటల్లో ఆ పొర కోసి వదులు చెయ్యకపోతే కండ చచ్చిపోతుంది. సర్జన్ పరిగెత్తుకొచ్చాడు, కాలు దక్కింది. దక్కించింది నేను కాదు.

కాబట్టి గాయానికి మించిన నొప్పి ఉన్నా, మందు పెంచుతున్నకొద్దీ నొప్పీ పెరుగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా అర్ధరాత్రైనా సరే గట్టిగా పిలవండి. నడుము దగ్గరో తొడ దగ్గరో సన్నటి గొట్టం పెట్టి నరానికి మత్తిచ్చే పద్ధతి ఇప్పుడు యుద్ధ గాయాలకు బాగా వాడుతున్నారు. మందు మత్తు తలకెక్కదు, మనిషి తెలివిగా ఉంటాడు. చాలా మంచి పద్ధతి. కానీ మొద్దుబారిన కాలు ఇలాంటి హెచ్చరికను దాచెయ్యొచ్చు కాబట్టి గంటగంటకీ చూడాలి. ఆ కాలి కింద వేడినీళ్ల సంచీ పెట్టకండి. కాలినా తెలియదు.

ప్రశ్న: తొమ్మిదేళ్ల కిందట షెల్ శకలాలు తగిలాయి. తొడలో మూడు ముక్కలు ఇంకా ఉన్నాయి, తీయక్కర్లేదన్నారు. అప్పటినుంచి రోజూ నొప్పి బిళ్లలే. మొదట ఒక్క డైక్లోఫెనాక్, ఇప్పుడు రోజుకి మూడు. వాటితో పాటు ట్రమడాల్. ట్రమడాల్ ఒక పూట ఆపితే చెమటలు, ఒళ్లంతా తీపులు. నేను బానిసనైపోయానా? ముక్కలు తీయించుకుంటే సరిపోతుందా? డాక్టరు దగ్గరికి వెళ్తే పదికి ఎంత నొప్పి అని అడుగుతాడు. ఏదో ఒక అంకె చెప్పి వస్తాను.

జవాబు: ఆ అంకె సంగతి ముందు తేలుద్దాం. నాకూ దాని మీద గౌరవం తక్కువ. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోడానికి పనికొస్తుంది, అంతే. నొప్పి ఏ జాతిదో అది చెప్పదు. మన భాష చెబుతుంది. సలుపు వేరు, పోటు వేరు. తీపు వేరు, మంట వేరు. సలుపూ పోటూ అంటే చాలాసార్లు వాపో చీమో ఉన్నట్టు. తీపులంటే కండరాలు. మంట, చిమచిమ, సూదులు గుచ్చినట్టుండడం, జివ్వుమని లాగడం, కరెంటు కొట్టడం, బట్ట తగిలినా ఓర్వలేకపోవడం ఇవన్నీ నరం మాటలు. ఆ పక్కనే కొంత మేర మొద్దుబారి ఉంటే అనుమానమే అక్కర్లేదు. మీ ఉత్తరం రెండో పేజీలో “తొడ పక్కన నిప్పు పెట్టినట్టు” అని రాశారు. తొమ్మిదేళ్లుగా నిప్పుకి మీరు వాపు మందు వేస్తున్నారు. అందుకే ఒకటి మూడైంది. ఈసారి అంకె కాకుండా ఆ మాట చెప్పండి.

డైక్లోఫెనాక్ రోజుకి మూడు, తొమ్మిదేళ్లు. ఇది చదివి నాకే టెన్షన్ వచ్చింది. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), బీపీ, హిమోగ్లోబిన్ ఈ వారంలోనే చూపించుకోండి. ఈ జాతి బిళ్లలు కిడ్నీలను పాడుచేస్తాయి, బీపీ పెంచుతాయి, గుండె మీద భారం వేస్తాయి, కడుపులో పుళ్లు చేసి రక్తం కారుస్తాయి. మలం తారులా నల్లగా వస్తే వారం కూడా ఆగొద్దు.

ట్రమడాల్ ఆపితే చెమటలు పట్టడాన్ని బానిసత్వం అనను. ఒళ్లు ఆ మందుకి అలవాటు పడింది, అది ఎవరికైనా జరిగేదే. మందు కోసం అబద్ధాలాడడం, ఇంకొకరి చీటీ మీద కొనడం, నొప్పి లేకపోయినా మింగాలనిపించడం, ఇల్లూ పనీ గాలికొదిలేయడం ఉంటే అప్పుడు వ్యసనం. అలా ఉన్నా సిగ్గుపడాల్సిందేమీ లేదు, దానికీ వైద్యం ఉంది. రెండిట్లో ఏదైనా సరే, మీ అంతట మీరు ఒక్కరోజులో ఆపకండి. ఏళ్ల తరబడి వాడినవాళ్లకి నెలకి పదో వంతు చొప్పునో, ఇంకా నెమ్మదిగానో దించుతాం. ట్రమడాల్‌తో మూర్ఛ కూడా రావచ్చు. కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. నరాల మందు మొదలుపెట్టే డాక్టరుకి ట్రమడాల్ సంగతి దాచారంటే ఆ రెండూ కలిసి ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. సాయంత్రం పూట మందు కొడతారో లేదో మీరు రాయలేదు. కొడితే అదీ చెప్పండి. మద్యం, ట్రమడాల్, నిద్రమాత్ర ఈ మూడూ ఒకే రాత్రి కడుపులో పడి తెల్లారి లేవనివాళ్లున్నారు.

ముక్కల గురించి మీ సర్జన్ చెప్పింది సరైనదే. కండలో కదలకుండా కూర్చున్న లోహాన్ని వెతికి తీయబోతే అది చేసిన దానికంటే కత్తి చేసే నష్టమే ఎక్కువ కావచ్చు. కీలులో ఉన్నా, నరాన్నో రక్తనాళాన్నో ఒరుసుకుంటున్నా, చీము పట్టినా లెక్క మారుతుంది. సీసపు ముక్క కీలు నీటిలో నానితే మెల్లగా కరిగి రక్తంలోకి సీసం ఎక్కుతుంది కూడా. ఎవరైనా ఎమ్మారై రాస్తే లోపల ముక్కలున్నాయని ముందే చెప్పండి, ఎక్స్‌రే చూడకుండా ఆ గదిలోకి వెళ్లొద్దు. అది పెద్ద అయస్కాంతం.

ఒక్క సలహా మాత్రం మందుల చీటీలో ఉండదు. నొప్పి తక్కువున్న రోజు మీరేం చేస్తారో నేను చెప్పనా? వారం పనంతా ఆ ఒక్క రోజే చేస్తారు. తర్వాత మూడు రోజులు మంచం. సైన్యంలో నేర్పింది అదే, పని పూర్తయ్యేదాకా ఆగకూడదని. ఇప్పుడు గడియారం చూసి ఆగండి. ఇరవై నిమిషాల నడక సులువనిపిస్తే పన్నెండుతో మొదలుపెట్టండి. బాగున్న రోజూ పన్నెండే, బాగోని రోజూ పన్నెండే. పది రోజులకి రెండు నిమిషాలు పెంచండి. మాజీ సైనికులకి ఇది మార్ఫిన్ మానడం కంటే కష్టం.

ప్రశ్న: యుద్ధ రంగంలో ప్రథమ చికిత్స చేసేందుకు శిక్షణ తీసుకుంటున్నాను. దెబ్బ తగిలిన వెంటనే మార్ఫిన్ ఇవ్వడమే పద్ధతి అనుకునేవాడిని. ఇప్పుడు కెటమిన్ అనే మత్తుమందు ఇవ్వాలంటున్నారు. ఎందుకు మారింది?

జవాబు: తమ్ముడూ, రెండో ప్రపంచ యుద్ధం నుంచి మొదలుపెడితే సులువు. అప్పుడు టూత్‌పేస్టు గొట్టంలాంటి చిన్న గొట్టానికి సూది ఉండేది, చర్మం కింద గుచ్చి పిండేవాళ్లు. ఖాళీ గొట్టాన్ని గాయపడినవాడి కాలరుకి తగిలించేవాళ్లు, వెనకాల డాక్టరు మళ్లీ ఇవ్వకుండా. ఇటలీలో పనిచేసిన అమెరికా మత్తు డాక్టరు హెన్రీ బీచర్ అక్కడొక ప్రమాదం గమనించాడు. రక్తం పోయి ఒళ్లు చల్లబడ్డవాడికి చర్మం కింద మందు కదలదు. నొప్పి తగ్గలేదని రెండోది, మూడోది గుచ్చుతారు. వెనక్కి తెచ్చి వెచ్చబరిచి రక్తం ఎక్కించగానే మూడూ ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతాయి. వైద్యం అనుకున్నది కాస్తా విషప్రయోగం అవుతుంది.

మార్ఫిన్ బీపీనీ ఊపిరినీ కిందికి లాగుతుంది. రక్తం కారుతున్నవాడికి మిగిలింది ఆ రెండే. సరైన మోతాదులో కెటమిన్ వాటిని అంతగా దెబ్బతీయదు. మనిషి కాసేపు ఏదేదో మాట్లాడొచ్చు, అందుకని ఆయుధం తీసి పక్కన పెట్టాలి. నడవగలిగినవాడికి పారాసిటమాల్‌తో మెలోక్సికామ్ ఇస్తారు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దనేది ఎందుకంటే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను అవి పనిచేయనివ్వవు. మెలోక్సికామ్‌తో ఆ బెడద దాదాపు లేదు. వీటన్నిటికంటే ముందు రక్తం ఆపడం, విరిగిన ఎముక కదలకుండా కట్టడం, ఒళ్లు చల్లబడకుండా కప్పడం. కట్టు సరిగ్గా పడితేనే సగం నొప్పి దిగుతుంది.

ఇంకో మాట. బీచర్ 1946లో రాసిన వ్యాసంలో, తీవ్రంగా గాయపడినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది నొప్పి మందు వద్దన్నారని ఉంది. వాళ్లే, సూది సరిగ్గా గుచ్చకపోతే అరిచేవాళ్లట. బతికి బయటపడ్డాం, ఇక వెనక్కి పంపేస్తారన్న ఊరట వల్ల అలా అయ్యుండొచ్చని ఆయన ఊహ. మీ ముందున్నవాడు నిశ్శబ్దంగా ఉన్నాడంటే గాయం చిన్నదని అర్థం కాదు.

ప్రశ్న: ముంజేతికి తూటా తగిలి నరం దెబ్బతింది. గాయం మానింది గానీ అరచెయ్యి మండిపోతోంది. ఫ్యాను గాలి తగిలినా ఓర్వలేను. రోజంతా తడిగుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాను. అందరూ వింతగా చూస్తున్నారు.

జవాబు: వింతేమీ లేదు. పైన చెప్పిన వైర్ మిచెల్ రోగులు కూడా తడిగుడ్డ చేతికి చుట్టుకునే తిరిగేవాళ్లు. నేల మీద కాలు రాసుకుంటే చేతిలో మంట పెరుగుతోందని బూట్లలో నీళ్లు పోసుకున్నవాడి గురించి కూడా ఆయన రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరు కాసాల్జియా, మండే నొప్పి అని. ఇప్పుడు సీఆర్‌పీఎస్, అంటే కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అంటున్నాం. చర్మం రంగు మారడం, చెమట, వాపు, గోళ్లు పెరిగే తీరు మారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా నొప్పి వైద్యుల దగ్గరికి వెళ్లండి. తొలి నెలల్లో మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. చెయ్యిని దాచిపెట్టడమే దీనికి శత్రువు. మందు నొప్పిని కొంత దించగానే వేళ్లు కదపాలి, మెత్తటి గుడ్డతో మొదలుపెట్టి స్పర్శకి మళ్లీ అలవాటు చెయ్యాలి. తడిగుడ్డ ఉంచుకోండి, ఐసు మాత్రం వద్దు.

ప్రశ్న: పేలుడులో విసిరేసినట్టు పడ్డాను. పైకి పెద్ద గాయం లేదు. నాలుగేళ్లుగా మెడ, భుజం, చెయ్యి నొప్పి. స్కానింగులన్నీ నార్మల్. డబ్బు కోసం నటిస్తున్నానని నా వెనకాల అంటున్నారు. రాత్రి రెండు గంటలకి మించి నిద్ర లేదు, పడితే అదే చప్పుడు, అదే కల. ఎందుకీ బతుకు అనిపిస్తుంది.

జవాబు: చివరి వాక్యానికి ముందు జవాబు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎలా అన్నది కూడా మనసులో ఉందా? ఉంటే ఈ రోజే ఇంట్లో ఒకరికి నోరు తెరిచి చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వాళ్లతో కలిసి వెళ్లండి. బిళ్లలన్నీ ఇంకొకరి చేతిలో పెట్టండి. ఇంట్లో తుపాకీ ఉంటే అది బయటికి వెళ్లిపోవాలి.

ఇక నటన సంగతి. నొప్పిని పరిశోధించే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని తిరగరాసింది. అందులో, తనకి నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని రాసిపెట్టారు. స్కానింగులో ఎముక కనిపిస్తుంది, డిస్కు కనిపిస్తుంది. నొప్పి కనిపించదు. మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు గాయం మాని, అలారం మాత్రం మోగుతూ ఉంటుంది. వెన్నుపామూ మెదడూ అతిగా స్పందించడం నేర్చేసుకుంటాయి. ఆ మార్పు ఫిల్ములో పడదు.

ఆ కలలూ ఈ నొప్పీ ఒకదాన్నొకటి మేపుతున్నాయి. కల వచ్చిన రాత్రి భుజాలు బిగుసుకుంటాయి, తెల్లారికి మెడ పట్టేస్తుంది. మెడ నొప్పి పెట్టగానే ఆ రోజు గుర్తొస్తుంది. ఇందులో ఒక్కదానికే వైద్యం చేస్తే రెండోది మళ్లీ లాక్కొస్తుంది. అందుకని నొప్పి డాక్టరుని, మానసిక వైద్యుణ్ణి ఒకే నెలలో కలవాలి, ఒకరి చీటీ ఒకరికి చూపించాలి. నిద్రమాత్రతో పని అయిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పీటీఎస్‌డీకి మాటలతో చేసే వైద్యాలున్నాయి, నిద్ర పట్టడానికీ విడిగా అలవాట్ల శిక్షణ ఉంది. పేలుడులో పడ్డారు కాబట్టి తలకి దెబ్బ తగిలిందేమో, చెవులు ఎలా ఉన్నాయో కూడా ఒకసారి చూడమనండి. నొప్పి సున్నా అవుతుందని మాట ఇవ్వను. రెండు గంటల నిద్ర ఐదు గంటలవడం, చెయ్యి భుజం దాటి పైకి లేవడం, ఇలాంటివి నా కళ్లముందు చాలామందికి జరిగాయి.

మీ ఉత్తరం మూడో పేజీ నుంచి చేతిరాత మారింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, బహుశా మీ ఆవిడవి. మీ చెయ్యి అలసిపోయాక ఆమె రాసి ఉంటుంది. ఆ పేజీలో మీరు రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, ఎటు తిరిగి పడుకుంటే నొప్పి తగ్గుతుందో అంతా ఉంది. మీ రెండు పేజీల్లో అవేవీ లేవు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి.